లేని మనిషికి లైసెన్స్: లిన్ హర్ష్‌మన్ లీసన్ కళ దేని గురించి?

అమెరికా కళాకారిణి లిన్ హర్ష్‌మన్ లీసన్ చేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి చూపిస్తే, అవన్నీ ఒక్కరే చేశారంటే ఎవరూ చప్పున నమ్మరు. ఊపిరి తీసే మైనపు ముఖాలు. చవక హోటల్లో ఒక అద్దె గది. అసలు లేని మనిషి పేరు మీద డ్రైవింగ్ లైసెన్స్. రిమోట్ నొక్కితే కథ మారే వీడియో డిస్కు. కబుర్లు చెప్పే వెబ్‌సైట్. టిల్డా స్వింటన్ నాలుగు పాత్రలు వేసిన సినిమా. చివరికి ఒక మందుల కంపెనీ శాస్త్రవేత్తతో కలిసి చేయించిన యాంటీబాడీ. ఇలాంటివారిని ఏమనాలో తెలియక కళా విమర్శకులు 'ఇంటర్‌డిసిప్లినరీ ఆర్టిస్ట్' అనేస్తారు. అది సంచిలాంటి మాట. ఏది వేసినా పడుతుంది, లోపల ఏముందో మాత్రం బయటికి కనిపించదు.

ఆ తర్వాత వచ్చే వాక్యం కూడా అందరికీ తెలిసిందే: 'గుర్తింపుకూ టెక్నాలజీకీ ఉన్న సంబంధాన్ని ఆమె అన్వేషిస్తారు.' తప్పు కాదు, కానీ దానివల్ల మనకి ఒరిగేదేమీ లేదు. ఈ 60 ఏళ్ల పనిని వరసగా చూస్తే నాకు కనిపించేది టెక్నాలజీ మీద మోజు కాదు. ఒక మనిషి ఉన్నారని మనం దేన్ని చూసి నమ్ముతాం? ఊపిరినా, కాగితాలనా, ఎదుటివాళ్ల మాటనా, కంప్యూటర్‌లో ఉన్న లెక్కలనా? ఆమె ఒక్కో కాలంలో ఒక్కో ఆధారాన్ని పట్టుకుని, దాన్ని దొంగగా తయారు చేయొచ్చా అని పరీక్షిస్తూ వచ్చారు. యంత్రాలు మారింది అందుకే. ఆధారాలు మారాయి కాబట్టి.

ఆమె 1941లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. చదువు కొంత అక్కడ అయ్యాక 1960లలో కాలిఫోర్నియాకి వెళ్లారు. ఆ దశకం మధ్యలో, గర్భిణిగా ఉండగా గుండె కండరాల జబ్బు వచ్చి ఆసుపత్రిలో ఆక్సిజన్ టెంట్ కింద చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. ఆ టెంట్‌లో వినపడేది తన ఊపిరి ఒక్కటే. బతికున్నానని చెప్పడానికి ఆ క్షణంలో అంతకు మించిన రుజువు లేదు. బయటపడ్డాక ఆమె తన ముఖాన్నే అచ్చు తీసి మైనపు బొమ్మలు పోశారు. వాటికి విగ్గులు, గాజు కళ్లు పెట్టారు. పక్కనే టేప్ రికార్డర్, సెన్సర్ అమర్చారు. ఎవరైనా దగ్గరికి వస్తే బొమ్మ ఊపిరి తీస్తుంది, దగ్గుతుంది, కొన్ని మనల్ని ప్రశ్నలు కూడా అడుగుతాయి. వీటికి ఆమె పెట్టిన పేరు 'బ్రీదింగ్ మెషీన్స్'. శిల్పం అంటే కదలకుండా, మాట్లాడకుండా ఉండేదని అందరూ అనుకునే రోజులవి.

1972లో బర్క్‌లీలోని యూనివర్సిటీ ఆర్ట్ మ్యూజియంలో ఇలాంటి పనిని ప్రదర్శనకి పెట్టారు. శబ్దం ఉంది కాబట్టి ఇది కళ కాదంటూ మ్యూజియం వాళ్లు ప్రదర్శన ఆపేశారని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పారు. ఈ రోజు ఏ మ్యూజియంలోకి వెళ్లినా ఏదో ఒక గదిలోంచి స్పీకర్ మోగుతూనే ఉంటుంది కాబట్టి ఈ కథ మనకి నవ్వులాటగా అనిపిస్తుంది. ఆమెకి మాత్రం అది కెరీర్ మొత్తాన్ని మలుపు తిప్పిన దెబ్బ. మ్యూజియం వద్దంటే మ్యూజియం బయటే చేస్తానని బయల్దేరారు.

అంతకు ముందే ఆమె ఇంకో చిలిపి పని చేసి ఉన్నారు. ఆడవాళ్ల పనిని గ్యాలరీలు అసలు పట్టించుకోని కాలం. విమర్శకులు రాయకపోతే గ్యాలరీ చూడదు, గ్యాలరీ చూపించకపోతే విమర్శకులు రాయరు. ఆమె ఏం చేశారంటే, ప్రూడెన్స్ జూరిస్, హెర్బర్ట్ గూడ్, గే అబాండన్ అని ముగ్గురు విమర్శకులను తానే సృష్టించి, ఆ పేర్లతో కళా పత్రికల్లో సమీక్షలు రాశారు. అందులో తన పని గురించి కూడా రాసుకున్నారు. ముగ్గురిదీ ఒకే అభిప్రాయం అయితే అనుమానం వస్తుంది కదా, అందుకని ఒకరు మెచ్చుకుంటే ఒకరు తిట్టేవారు. ఆ కత్తిరింపులు పట్టుకుని గ్యాలరీకి వెళితే తలుపు తెరుచుకుంది. ఇది వట్టి మోసం కాదా అంటే, మోసమే. కానీ అచ్చులో పేరున్నవాడు ఉన్నట్టే లెక్క అనే రహస్యం ఆమెకి ఇక్కడే దొరికిందని నా అనుమానం. తర్వాత జరిగిందంతా ఈ రహస్యాన్ని సాగదీసి చూడటమే.

1973లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నార్త్ బీచ్ ప్రాంతంలో డాంటే హోటల్ అనే పాత చోట ఆమె ఒక గది అద్దెకి తీసుకున్నారు. మంచం మీద దుప్పటి కప్పుకుని రెండు మైనపు ఆకారాలు. ఊపిరి శబ్దం. చుట్టూ ఆ గదిలో ఉంటున్నవాళ్లవి అనిపించే వస్తువులు. టికెట్ లేదు, వేళలు లేవు. చూడాలనుకున్నవాళ్లు ఏ అర్ధరాత్రి అయినా కింద కౌంటర్‌లో తాళంచెవి తీసుకుని పైకి వెళ్లొచ్చు. అక్కడ ఎవరు ఉండేవారో వాళ్లే ఊహించుకోవాలి. దాదాపు తొమ్మిది నెలల తర్వాత, తెల్లవారుజామున వచ్చిన ఒకాయన మంచం మీద ఉన్నవి శవాలనుకుని పోలీసులకి ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి సామాను పట్టుకుపోయారు. ప్రదర్శనకి ఇంతకంటే తగిన ముగింపు ఏ రచయితా రాయలేడు. లేని మనుషులు చనిపోయారని ప్రభుత్వమే కాసేపు నమ్మింది.

గదిని చూసి మనిషిని ఊహించుకోగలిగితే, ఆ మనిషి గదిలోంచి బయటికి వచ్చి నడిస్తే? రాబర్టా బ్రైట్‌మోర్ అలా పుట్టింది.

రాబర్టా ఒక పాత్ర, కానీ నాటకం ఎక్కడా లేదు. బస్సెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి, అదే డాంటే హోటల్లో దిగిన ఒంటరి ఆడమనిషి. బంగారు రంగు విగ్గు పెట్టుకుని, వేరే బట్టలు వేసుకుని, నడక, చేతిరాత కూడా మార్చుకుని, లిన్ ఆమెలా బతికారు. రాబర్టా పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచారు, డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్నారు. రాబర్టా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లింది, బరువు తగ్గే క్లాసులకి వెళ్లింది. రూమ్‌మేట్ కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చింది. దాన్ని చూసి వచ్చినవాళ్లని పార్కుల్లో కలిసింది, దూరం నుంచి ఎవరో ఒకరు రహస్యంగా ఫొటోలు తీశారు. ఇది ఒక రోజో వారమో కాదు, 1978 దాకా సాగింది.

ఈ పనిలో నన్ను ఎక్కువగా ఆపేది 1975 నాటి ఒక చార్ట్. రాబర్టా ఫొటో మీద గీతలు గీసి, అంకెలు వేసి, ఎక్కడ ఏ మేకప్ ఎలా పూయాలో రాసి ఉంటుంది. ఇంటి ప్లాన్ గీసినట్టు ఒక ముఖాన్ని గీశారు. దీన్ని చూస్తే మనకి నవ్వొస్తుంది, తర్వాత ఇబ్బందిగా ఉంటుంది. అది లేని మనిషి ముఖం కట్టే పద్ధతి అయితే, రోజూ పొద్దున్నే అద్దం ముందు ఉన్న మనిషి చేసేది ఏమిటి? ఆ కాలపు స్త్రీవాదులు పెద్ద పెద్ద వ్యాసాల్లో చెప్పిన విషయం, ఆడతనం పుట్టుకతో వచ్చేది కాదు, కట్టేది అన్నది, ఈ ఒక్క కాగితంలో ఉంది.

అమెరికా ఫొటోగ్రాఫర్ సిండీ షెర్మన్ 1977లో మొదలుపెట్టిన ఫొటోలతో రాబర్టాను పోల్చడం మామూలే. వాటిలోనూ ఒకే కళాకారిణి రకరకాల ఆడవాళ్లుగా కనిపిస్తారు. కానీ తేడా చాలా ఉంది. షెర్మన్ ఆడవాళ్లు కెమెరా క్లిక్‌మన్నంతసేపే ఉంటారు. రాబర్టా ప్రకటనలకి జవాబు ఇవ్వాలి, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి టైముకి వెళ్లాలి, ఒకసారి ప్రమాదకరమైన మనుషుల మధ్య చిక్కుకుని తప్పించుకోవాలి కూడా. ఆఫీసులూ ఫారాలూ ఆమెని ఎంత సులువుగా ఒప్పుకున్నాయో చూపించడానికి ఇన్నేళ్లూ అవసరమే. కొన్నాళ్లకి లిన్ ఇంకో ముగ్గురు ఆడవాళ్లకి కూడా రాబర్టా వేషం వేయించారు. అప్పుడు నగరంలో ఒకే పేరుతో నలుగురు తిరిగారు. తర్వాత తాను ఆ వేషం మానేసి, మిగిలినవాళ్లకే వదిలేశారు. సృష్టించినావిడ లేకుండానే రాబర్టా బతికింది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ప్రకటన చూసి వచ్చినవాళ్లకి తాము ఒక కళాకృతిలో ఉన్నామని తెలియదు. వాళ్ల ఫొటోలు తర్వాత మ్యూజియంలకి చేరాయి. ఈ రోజు ఎవరైనా అలా చేస్తే అనుమతి ఏదని గట్టిగా అడుగుతాం, అడగాలి కూడా. రాబర్టాను మెచ్చుకునే వ్యాసాలు ఈ విషయాన్ని సాధారణంగా చూసీ చూడనట్టు దాటేస్తాయి. పోనీ, ఆ పనిలోని చేదు నిజం కూడా అదే: తప్పుడు గుర్తింపుతో ఎవరినైనా ఆకర్షించొచ్చు, గమనించొచ్చు, రికార్డు చేయొచ్చు. సోషల్ మీడియాలో దొంగ ప్రొఫైల్ చేసే పని, ఒక విగ్గు, ఒక పత్రిక ప్రకటనతో అప్పుడే జరిగింది.

1978లో ఇటలీలోని ఫెరారాలో, పాతకాలపు రాజవంశపు ఆడమనిషి లుక్రేజియా బోర్జియా సమాధి దగ్గర, దయ్యాన్ని వదిలించినట్టు ఒక తంతు చేసి రాబర్టాను సాగనంపారు. కాగితాలు మాత్రం పోలేదు. లైసెన్స్, ఉత్తరాలు, ఫొటోలు, విగ్గు, బట్టలు, అన్నీ ప్రదర్శనలో పెట్టే వస్తువులయ్యాయి.

ఇక ఇక్కడి నుంచి యంత్రాలు. 'లోర్నా' 1980ల మొదట్లో తయారైంది, కళాకారులు చేసిన ఇంటరాక్టివ్ వీడియో డిస్కుల్లో మొదటిదిగా దాన్ని చెప్తారు. ఇది ఎలా పనిచేసిందో తెలిస్తేనే దాని పదును అర్థమవుతుంది. వీడియో టేపు అయితే ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పుకుంటూ పోవాలి. లోర్నాని ఎక్కించిన లేజర్‌డిస్క్ అలా కాదు. అందులో ఒక వైపు 54,000 దాకా బొమ్మలు పడతాయి, ఒక్కో బొమ్మకి ఒక్కో నంబరు ఉంటుంది. నంబరు చెప్తే ప్లేయర్ నేరుగా అక్కడికి దూకుతుంది. పుస్తకంలో పేజీ తిప్పినట్టు. కథలో కొమ్మలు వేయడానికి అది చాలు.

లోర్నా బయటికి వెళ్లడమంటే భయపడే మనిషి. ఫ్లాట్‌లో కూర్చుని టీవీ చూస్తుంది, టీవీలో వచ్చే భయంకరమైన వార్తలు చూసి ఇంకా భయపడుతుంది. ఆమె గదిలో ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంది. చూసేవాళ్లు తమ చేతిలోని రిమోట్‌తో ఆ నంబరు నొక్కితే ఆ వస్తువు వెనక ఉన్న కథ తెరుచుకుంటుంది. మొత్తం వీడియో సుమారు 17 నిమిషాలే, కానీ దారులు చాలా. ముగింపులు మూడు: టీవీని కాల్చేస్తుంది, తననే కాల్చుకుంటుంది, లేకపోతే లాస్ ఏంజెలెస్‌కి వెళ్లిపోతుంది. మూడోది అన్నిటికంటే ఘోరమని వెక్కిరించే కొంటెతనం అందులో ఉంది.

లోర్నా చేతిలోనూ ఒక రిమోట్ ఉంది, మన చేతిలోనూ ఉంది. ఆమె టీవీ ముందు కూర్చుంది, మనమూ అంతే. ఆమెని విడిపిస్తున్నామని అనుకుంటూ ఆమె చేసే పనే మనమూ చేస్తుంటాం. ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చే ప్రతి తెర మీదా ఆ ఎంపికలను ముందే ఇంకెవరో రాసి పెట్టి ఉంటారు కదా. ఈ సంగతి మెనూలు, బటన్లు మన జీవితంలోకి రాకముందే లోర్నా చెప్పింది. తర్వాత వచ్చిన 'డీప్ కాంటాక్ట్'లో తెర మీద ఉన్న ఆడమనిషి తనని తాకమని మనల్ని పిలుస్తుంది, అది టచ్‌స్క్రీన్. ఆ ఆలోచన బాగుంది, కానీ లోర్నా ముందు కాస్త తేలికగా అనిపిస్తుంది.

అదే కాలంలో, 1984లో, ఆమె కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని తన గురించి తాను చెప్పుకోవడం మొదలుపెట్టారు. 'ఎలక్ట్రానిక్ డైరీస్' అనే ఈ వీడియోలు కొన్ని దశాబ్దాల పాటు పెరుగుతూ వచ్చాయి. చిన్నప్పుడు అనుభవించిన హింస, ఒంటరితనం, శరీరం మీద అసహ్యం, అన్నీ అందులో ఉన్నాయి. చూస్తుంటే ఒక్కోచోట ఆమె ముఖం రెండుగా, నాలుగుగా విడిపోతుంది. నిజం చెప్తున్నవాళ్ల ముఖాన్నే ఎడిటింగ్‌తో ముక్కలు చేసి చూపిస్తే, ఏ ముక్కని నమ్మాలి? ఇన్నాళ్లూ లేని మనుషులను కట్టినావిడ, ఉన్న మనిషిని రుజువు చేసుకోవడానికి ఎంత తడబడిందో చూస్తే ఈ పని మిగతావాటి కంటే బరువైనదని నాకనిపిస్తుంది.

సినిమాల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అవి నాకు అంతగా ఎక్కలేదు. 1997లో 19వ శతాబ్దపు గణిత శాస్త్రవేత్త అడా లవ్‌లేస్ మీద 'కన్సీవింగ్ అడా', 2002లో 'టెక్నోలస్ట్' తీశారు. టెక్నోలస్ట్‌లో స్వింటన్ ఒక శాస్త్రవేత్తగా, ఆమె సృష్టించిన ముగ్గురు క్లోన్‌లుగా కనిపిస్తారు. ఆలోచనలు చురుకైనవే, సన్నివేశాలు మాత్రం బిగుసుకుపోయి ఉంటాయి. 2010లో అమెరికా స్త్రీవాద కళాకారిణుల మీద వచ్చిన డాక్యుమెంటరీ వేరు. దానికోసం ఆమె దాదాపు 40 ఏళ్ల పాటు తోటి కళాకారిణులను ఇంటర్వ్యూ చేస్తూ టేపులు పోగుచేశారు. చరిత్రలో పేర్లు రాయకపోతే మనుషులే లేనట్టవుతారని ముగ్గురు దొంగ విమర్శకుల రోజుల నుంచే ఆమెకి తెలుసు.

టెక్నోలస్ట్‌తో పాటు పుట్టిన 'ఏజెంట్ రూబీ' మాత్రం సినిమాని మించి బతికింది. 1998 నుంచి 2002 మధ్య తయారైన ఈ వెబ్‌సైట్‌లో ఒక ఆడ ముఖం, కింద మనం టైప్ చేయడానికి ఒక గడి. ఏదైనా అడిగితే రూబీ జవాబు ఇస్తుంది. చాట్‌జీపీటీ లాంటి ఈనాటి పెద్ద భాషా మోడళ్లలా అది కొత్త వాక్యాలను అల్లదు, మనం రాసిన మాటల్లోని నమూనాను గుర్తుపట్టి దానికి సరిపడే జవాబు వెతుకుతుంది. అందుకే చాలాసార్లు తిక్క జవాబులు వస్తాయి. అయినా జనం గంటలకొద్దీ మాట్లాడారు. శాన్‌ఫ్రాన్సిస్కో మోడర్న్ ఆర్ట్ మ్యూజియం రూబీని తన సేకరణలో చేర్చుకుని, 2013లో ఆ సంభాషణల రికార్డులనే ఒక ప్రదర్శనగా పెట్టింది. రూబీకి తెలివి ఉందా లేదా అన్నది ఆ కాగితాల్లో పెద్దగా తేలదు. మనుషులు ఏం అడుగుతారో, ఎలా వేధిస్తారో, ఏ వేళ ఎంత ఒంటరిగా ఉంటారో అక్కడ తేలుతుంది.

కంప్యూటర్ ముందు కూర్చున్నవాడిని కంప్యూటర్ చూడటం తర్వాతి మెట్టు. 1996లో ఆమె 'సైబ్‌రాబర్టా' అనే బొమ్మకి కళ్ల స్థానంలో కెమెరాలు పెట్టి ఇంటర్నెట్‌కి కలిపారు, దూరంగా ఉన్నవాళ్లు బొమ్మ తల తిప్పి గదిలోవాళ్లను చూడొచ్చు. 2019లో న్యూయార్క్‌లోని ది షెడ్ అనే కళా కేంద్రంలో చూపించిన 'షాడో స్టాకర్'లో అంత శ్రమ కూడా లేదు. లోపలికి వచ్చినవాళ్లు తమ ఈమెయిల్ అడ్రస్ ఇస్తే చాలు, ఇంటర్నెట్‌లో వాళ్ల గురించి పడి ఉన్న వివరాలు నీడలా కదులుతూ తెర మీదికి వస్తాయి. పాత ఇంటి అడ్రసులు కూడా. దాని పక్కనే ఒక సినిమా, నేరాలను ముందే అంచనా వేసే పోలీసు సాఫ్ట్‌వేర్ మీద. అలాంటి సాఫ్ట్‌వేర్ మ్యాప్ మీద సుమారు 150 మీటర్ల చదరాలు గీసి, నేరం జరగబోయే చోటు ఇదీ అంటుంది. పోలీసులు అక్కడికే ఎక్కువ వెళ్తారు, అక్కడే ఎక్కువ కేసులు రాస్తారు, ఆ కేసులే మళ్లీ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తాయి. ఆ చదరంలో ఇల్లున్న పాపానికి ఏమీ చేయనివాడు కూడా అనుమానితుడవుతాడు. రాబర్టా కాలంలో లేని మనిషికి కాగితాలు పుట్టాయి, ఇప్పుడు ఉన్న మనిషికి తాను ఎప్పుడూ చూడని కాగితాలు పుడుతున్నాయి.

మరి శరీరం? అదైనా దొంగగా తయారు చేయలేం కదా? 2014లో జర్మనీలోని కార్ల్‌స్రూహెలో, జడ్‌కేఎం అనే కళా కేంద్రం ఆమె జీవితకాలపు పని అంతటినీ చూపించిన పెద్ద ప్రదర్శనలో, ఒక జన్యు ప్రయోగశాలను పోలిన గదులు కట్టారు. దాని తర్వాత 2018లో నోవార్టిస్ అనే మందుల కంపెనీ శాస్త్రవేత్త ఒకరితో కలిసి ఆమె పేరుతో ఒక యాంటీబాడీ తయారైంది. ఇది వట్టి నామకరణం కాదు. యాంటీబాడీ ఒక ప్రోటీన్. ప్రోటీన్లు అమైనో ఆమ్లాల గొలుసులు. మామూలుగా ఉండే 20 అమైనో ఆమ్లాలకు శాస్త్రవేత్తలు ఒక్కో ఇంగ్లిష్ అక్షరం పెట్టుకున్నారు, ఎల్ అంటే ల్యూసిన్, వై అంటే టైరోసిన్, అలా. లిన్ హర్ష్‌మన్ అనే పేరులో ఉన్న అక్షరాలన్నీ ఆ 20లో ఉన్నాయి. కాబట్టి ఆమె పేరుని అక్షరం అక్షరంగా ప్రోటీన్‌లో రాయొచ్చు. రాబర్టాకి కూడా ఒకటి ఉంది, దాని పేరు 'ఎర్టా'. రాబర్టాలోని చివరి నాలుగు అక్షరాలు. ఆ 20 అక్షరాల్లో ఓ, బి లేవు మరి.

1978లో సాగనంపిన మనిషి 40 ఏళ్లకి సీసాలో తేలింది.

గౌరవాలు ఇలాగే ఆలస్యంగా వచ్చాయి. మైనపు ముఖాలు దశాబ్దాల పాటు పెట్టెల్లోనే ఉన్నాయి. న్యూయార్క్ మ్యూజియంలో ఆమె ఒక్కరి పనితో మొదటి ప్రదర్శన న్యూ మ్యూజియంలో 2021లో జరిగింది, అప్పటికి ఆమెకి 80 ఏళ్లు. మరుసటి ఏడాది వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో జ్యూరీ ప్రత్యేక ప్రశంస దక్కింది. అక్కడ చూపించిన 2021 నాటి సినిమాలో ముఖ్య పాత్ర 61 ఏళ్ల సైబోర్గ్, అంటే సగం మనిషి, సగం యంత్రం. 'సైబోర్గ్' అనే మాట 1960లో పుట్టింది, లెక్క సరిపోతుంది.

ఇప్పుడు ఈ పనులను కాపాడటం మ్యూజియంలకి పెద్ద తలనొప్పి. లోర్నా డిస్కులకి ప్లేయర్లు దొరకడం లేదు, దాన్ని డీవీడీలోకి మార్చాల్సి వచ్చింది. రూబీ బతకాలంటే సర్వర్ నడవాలి, బ్రౌజర్ మారినప్పుడల్లా ఎవరో ఒకరు కోడ్ సరిచేయాలి. లిన్ తన డైరీల లాంటి వాటిని డీఎన్‌ఏగా మార్పించి ఒక చిన్న సీసాలో దాచారు. కంప్యూటర్ ఫైళ్లలోని సున్నాలు, ఒకట్లు డీఎన్‌ఏలోని నాలుగు రసాయన అక్షరాలయ్యాయి. చల్లగా, పొడిగా ఉంటే ఆ డీఎన్‌ఏ చాలా కాలం నిలుస్తుంది, కానీ చదవాలంటే సీక్వెన్సింగ్ యంత్రం ఉండాలి, ఏ అక్షరం ఏ అంకెకి గుర్తో తెలిసినవాళ్లు కూడా ఉండాలి. రాబర్టా డ్రైవింగ్ లైసెన్స్ చదవడానికి మాత్రం కరెంటు కూడా అక్కర్లేదు.